సబాసు, ఎవరి చెయ్యి?

నా డైరీలో ఒక అబద్ధం ఉంది. ఇంతవరకూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పైకి ఏం చెప్పినా డైరీలో మాత్రం నిజమే రాసుకుంటారంటారు. నేను ఆ రోజు చావడిలో అందరి ముందూ ఒక అబద్ధం చెప్పి, ఇంటికి వచ్చి, చేయి కడుక్కొని, అదే అబద్ధాన్ని అందమైన అక్షరాలతో డైరీలో రాసుకున్నాను. "ఈరోజు నాకు సబాసు వచ్చింది. మా అవ్వ పాటలకు వచ్చింది." ఈ రెండు మాటల్లో మొదటిది నిజం.

సబాసు అంటే ఏమిటో చెప్పాలి. మెచ్చుకోలు మాటే. అన్ని ఊళ్ళలోనూ ఉండేదే. కానీ తమిళనాట మా రాజపాళయంలో, మా వీధుల వాళ్ళంతా కూడే చావడిలో, దానికొక పద్ధతి ఉండేది. ఇంట్లో ఒకరికొకరు చెప్పుకుంటే అది సబాసు కాదు. నలుగురి మధ్య పెద్దవాళ్ళు గొంతెత్తి అనాలి. అంతటితో కూడా అయిపోదు. సబాసు అన్న పెద్దాయన వెంటనే "ఎవరి చెయ్యి?" అని అడిగేవాడు. నీకు ఇది ఎవరు నేర్పారు అని. సబాసు అందుకున్నవాడు లేచి ఆ పేరు చెప్పాలి. అప్పుడు చావడంతా ఆ పేరుకు ఇంకో సబాసు చెప్పేది. పెళ్ళి రసం బాగా కాచిన వంటాయన "సత్రపట్టి మామ చెయ్యి" అనేవాడు. ఆ మామ చచ్చి పదేళ్ళయినా సరే, సబాసు ఆయనకూ ముట్టేది. ఒకసారి బండ్ల పందెంలో గెలిచిన ఒకాయన మీసం దువ్వి "ఎవరి చెయ్యీ లేదు, నా చెయ్యే" అన్నాడు. అప్పటి నుంచి ఆయనను అందరూ "తానా మొలిచినోడు", అంటే తనంతట తానే మొలిచినవాడు, అనే పిలిచారు. ఆయన కూతురికి సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు కూడా "తానా మొలిచినోడి ఇల్లు ఏది?" అని అడిగారట.

ఆడవాళ్ళకు చావడిలో సబాసు లేదు. మాకు ఇంట్లో దొరికేది వేరే రకం. పాలు పొంగిపోతే అమ్మ, "సబాసే! పొయ్యికి పాలాభిషేకం చేసినావు. ఎవరి చెయ్యి? మీ అత్త చెయ్యేనా?" అనేది. అత్త వంటింట్లోనే ఉండేది కాబట్టి ఆ మాట ఇద్దరికీ సరిపోయేది.

నాకు మాటలు తక్కువ. వాకిట్లోకి పూలమ్మే ఆమె వస్తే ఎన్ని మూరలు కావాలో వేళ్ళతో చూపించేదాన్ని. పుస్తకాల పిచ్చి మాత్రం ఉండేది. మా ఇళ్ళలో మాట తెలుగు, చదువు తమిళం. తెలుగు అక్షరం తెలిసినవాళ్ళు మా వీధిలో ఒక్కరూ లేరు. గ్రంథాలయం నుంచి మా చిన్నాయన తెచ్చే తమిళ పుస్తకాలను, ఆయన చదివి పడేశాక, నేను పెరట్లోకి తీసుకుపోయేదాన్ని. ఎండు మిరపకాయలు తోట నుంచి ఇంటికి వచ్చే నెలల్లో పెరడంతా ఎర్రగా ఉండేది. తొడిమలు తీసే పనికి ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళ పక్కన కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని, మిరపకాయల కింద పుస్తకం దాచి చదివేదాన్ని. ఆ పుస్తకాలు తిరిగి పుచ్చుకునే గుమాస్తా ప్రతిసారీ తుమ్మేవాడట. "మీ ఇంట్లో పుస్తకాలకు తాలింపు పెడతారా?" అని చిన్నాయనను అడిగాడట.

తొడిమలు తీసేవాళ్ళలో చోళపురం నుంచి వచ్చే ఒకామె ఉండేది. మాలాగే తెలుగు మాట్లాడే రైతు కుటుంబమే. కానీ వాళ్ళకు భూమి పోయింది, మాకు ఉంది. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను, అమ్మా అన్నట్టు, తాయీ అనేది. నలభై దాటి ఉంటాయి. పాడకపోతే ఆమె చేతులు ఆడేవి కావు. పాట ఆగిందంటే కాఫీ వచ్చిందని అర్థం.

అవి పెళ్ళిపాటలు. పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడు, బండి ఎక్కించేటప్పుడు, బండి కనుమరుగయ్యాక ఇంట్లో మిగిలినవాళ్ళు పాడుకునేవి. బండి ఎక్కించే పాటలో ఒక మాట వచ్చేది: "కడవకు తాడు పొడుగు బిడ్డా, కన్నవారికి దారి పొడుగు." మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళోని పుస్తకం మూసేశాను. అచ్చులో చదివిన ఏ మాటా నన్ను అంతగా ఆపలేదు. మర్నాటి నుంచి పుస్తకం బదులు నోటుబుక్కు పట్టుకుపోయాను. ఆమె తెలుగు పాటను తమిళ అక్షరాల్లో రాసుకున్నాను. రెండు సీజన్లు రాశాను. నలభై ఒక్క పాటలయ్యాయి. మిరపకాయ పట్టిన వేళ్ళతో రాయడం వల్ల పేజీల అంచులు ఎర్రబడ్డాయి.

"ఇవన్నీ రాసి ఏం చేస్తావు తాయీ?" అని ఒకసారి అడిగింది.

"ఊరికే."

"ఊరికే రాసేదానికి ఇంత సిరా ఎందుకు? మీ నాయనకు తెలిస్తే నన్ను కదా తిడతారు, పిల్లను చెడిపినావని."

అంది గానీ, మరుక్షణమే, "ఆ నిన్నటి పాటలో ఒక మాట తప్పు చెప్పినాను, దిద్దుకో" అంది.

నాకు పదిహేడేళ్ళప్పుడు మద్రాసు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తెలుగు పాటలు సేకరించుకుంటూ ఊళ్ళు తిరిగే మనిషి. చావడిలో కూర్చుని, "మీ పూర్వులు ఇక్కడికి వచ్చి ఎన్నో తరాలైంది కదా. మీ ఆడవాళ్ళు పాడే పాత పాటలు ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడట. ఇదంతా చిన్నాయన ఇంట్లో చెప్పినదే.

"మా ఇండ్లల్లో ఇప్పుడు రేడియో పాడతాది సార్" అన్నారట ఒకరు. అందరూ నవ్వారు.

ఇంకొకరు, "తోటకు వచ్చే కూలోళ్ళు ఏదో కూస్తా ఉంటారు. మన తెలుగు మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్నా?" అన్నారట. మళ్ళీ నవ్వారు.

మా తాతకు మాత్రం రోషం వచ్చింది. చావడి పెద్దల్లో ఆయన ఒకడు. "ఉండాయి సార్. ఎల్లుండి సాయంకాలం రండి, వినిపిస్తాము" అని మాట ఇచ్చి ఇంటికి వచ్చాడు. వచ్చాక అమ్మను అడిగాడు, "ఏమ్మా, మన ఇంట్లో పాటలు ఎవరికి వస్తాయి?"

"నాకు వచ్చేది తిట్లే మామా. మీ మనవరాలు నోట్టు నిండా ఏందో గీకతా ఉండాది, అది చూడండి" అంది అమ్మ.

తాత నోటుబుక్కు తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. తమిళ అక్షరాల్లో తెలుగు చదవడం అలవాటు లేక తడబడ్డాడు. కానీ ముఖం వెలిగిపోయింది. "ఇది నువ్వే చదవాల. ఇంకెవరికీ రాదు" అన్నాడు. ఎవరి పాటలని అడగలేదు. చెప్పడానికి అదొక మంచి సమయం. అడిగితే చెబుదామనుకున్నాను. ఆయన అడగలేదు, నేను ఊరుకున్నాను.

చావడిలో చదివే రోజు పొద్దున ఆ సంగతి పెరట్లో అందరికీ తెలిసిపోయింది. అక్క నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"చావట్లో చదువుతావంట."

"అవునక్కా."

"మద్రాసాయన సబాసు అంటాడు, చూడు. అప్పుడు మీవాళ్ళు ఎవరి చెయ్యి అంటారు. నా పేరెత్తుతావా తాయీ?"

"ఎత్తకుండా ఎట్లుంటానక్కా?"

"అంతమంది కూట్టంలో నీకు నోరు వస్తాదా? పూలమ్మేదానికే వేలు చూపించేదానివి."

"వస్తాది."

ఆమె ఇంకో గుప్పెడు మిరపకాయలు చేటలో వేసుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "మా వాడు మిల్లుకు పోతా ఉండాడు కదా. వానికి నా పాటంటే ఎగతాళి. పట్టిక్కాడు మాదిరి అరుస్తావు, పక్కింటోళ్ళు నవ్వుతారు, ఊరుకో అంటాడు. ఈరోజు వాన్ని పిలుచుకొని వస్తాను. పెద్దోళ్ళ నోట నా పేరు ఒక్కసారి విననీ. మళ్ళీ నేను వానికి ఏమీ చెప్పను." పట్టిక్కాడు అంటే నాగరికం తెలియని పల్లెటూరి మనిషి. సొంత కొడుకు నోట ఆ మాట పడటం ఎంత కష్టమో ఆమె ముఖంలో కనిపించింది.

"ఒట్టు?" అని చేయి చాపింది. నేను నా చేయి ఆమె చేతిలో వేశాను. ఆమె అరచేతి కారం నా చేతికి అంటింది. ఎన్నిసార్లు కడిగినా సాయంకాలం వరకూ మండుతూనే ఉంది.

చావడికి ఆ రోజు మైకుసెట్టు పెట్టారు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. మద్రాసు పెద్దాయన నా నోటుబుక్కు చేతిలోకి తీసుకుని తెరవగానే గట్టిగా తుమ్మాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మైకు ఆయన తుమ్మును వీధి చివరిదాకా వినిపించింది. అందరూ నవ్వారు. ఆ నోటుబుక్కుకు అంత ఘాటు ఎక్కడిదని ఒక్కరికీ తోచలేదు.

నేను చదివాను. పాట దారిలో పడేదాకా ఒక్కో మాటా తడుముకున్నాను. చదవడమే, పాడలేదు. బండి ఎక్కించే పాట దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళ పక్క విసనకర్రలు ఆగాయి. మద్రాసాయన కళ్ళు మూసుకుని విన్నాడు. నేను ఆపగానే లేచి నిలబడ్డాడు.

"శభాష్ తల్లీ! ఇంత మంచి తెలుగు ఇంత దూరంలో ఇలా బతికి ఉందని నేననుకోలేదు. పెద్దింటి ఆడవాళ్ళ నోట తరతరాలుగా నలిగిన మాటలివి. ఆ సంస్కారం ఎక్కడికి పోతుంది?"

చావడంతా సబాసు అంది. ఆ చావడిలో ఒక ఆడపిల్లకు సబాసు రావడం అదే మొదలని తర్వాత చెప్పుకున్నారు. తాత గొంతు వినిపించింది. అలవాటు ప్రకారం, గర్వంగా, అందరికీ వినబడేలా: "చెప్పమ్మా. ఎవరి చెయ్యి?"

తలెత్తి చూశాను. మెట్ల కింద, వీధిలో, అక్క నిలబడి ఉంది. పసుపు పచ్చ చీర కట్టుకుంది. ఎప్పుడూ చూడని చీర. పక్కన ఆమె కొడుకు, మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టు తల మీద దూది నూగుతో. ఆమె వాడి మోచేయి పట్టుకుని ఉంది.

సిగ్గువల్ల నోరు రాలేదని చెప్పుకోవచ్చు. చాలా ఏళ్ళు నాకు నేను అదే చెప్పుకున్నాను. అది నిజం కాదు. నోరు బాగానే వచ్చింది. అంత స్పష్టంగా నేను అంతకు ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. పెద్దింటి ఆడవాళ్ళ నోటి మాటలని ఆయన అనేశాడు. కూలోళ్ళ దగ్గర నేర్చుకోవాల్నా అని నవ్వినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఆమె పేరు చెబితే నా సబాసు తగ్గిపోతుందనిపించింది. మైకు నా ముందు ఉంది.

"మా అవ్వ చెయ్యి" అన్నాను.

అవ్వ నాకు అయిదేళ్ళప్పుడే పోయింది. ఆమె పాడగా నేను ఎప్పుడూ వినలేదు. తాత కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. పెదవులు కదిలాయి. "పాడేది" అన్నాడు మెల్లగా. "అవును, పాడేది." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చావడి అవ్వ పేరుకు ఇంకో సబాసు చెప్పింది.

నేను మళ్ళీ మెట్ల వైపు చూసేసరికి కొడుకు వెనుదిరిగి పోతున్నాడు. అక్క మాత్రం కదలలేదు. సభ ముగిసి పానకం పంచేదాకా అక్కడే నిలబడింది. ఎవరో గ్లాసు ఇస్తే తాగి, గ్లాసు కడిగి బోర్లించి పోయింది.

మర్నాడు పనికి వచ్చింది. రాదనుకున్నాను. రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. వచ్చి, కూర్చుని, తొడిమలు తీసింది. పాడలేదు. అమ్మ గడపలోంచి, "ఏమే, ఈరోజు పాట లేదా?" అంది.

"గొంతు బాగ లేదమ్మా."

నేను పక్కకు పోయి కూర్చున్నాను. తిడుతుందేమోనని ఎదురుచూశాను. "చేట ఇట్ల జరుపు తాయీ" అంది, అంతే. ఆ నెల పొడుగునా అంతే. పాట లేకపోయినా ఆమె చేతులు ఆడతాయని అప్పుడు తెలిసింది. మరుసటి ఏడు మిరపకాయలకు ఆమె రాలేదు.

ఆ అబద్ధం నా చేతిలోంచి జారి మా ఇంట్లో వేరు పట్టింది. తాత మధ్యాహ్నాలు భోజనం చేసి పడక కుర్చీలో వాలి, "మీ అవ్వ పాట ఒకటి చదువు" అనేవాడు. చదివితే కళ్ళు మూసుకుని వినేవాడు. కొన్నాళ్ళకు దిద్దడం కూడా మొదలుపెట్టాడు. "అట్ల కాదు, ఇక్కడ మీ అవ్వ కొంచెం సాగదీసేది" అనేవాడు. ఎవరు వచ్చినా భార్య పాటల గురించి చెప్పేవాడు. ఆయనకు నిజం చెప్పాలంటే ఆయన భార్యను ఆయనకు రెండోసారి దూరం చేయాలి. చెప్పలేదు. ఇది కూడా సాకే కావచ్చు.

మద్రాసాయన నాకొక పొట్లం పంపించాడు. తెలుగు వాచకాలు రెండు, కొన్ని పుస్తకాలు. "ఇంత సంపద ఉన్న అమ్మాయికి లిపి కూడా రావాలి" అని చీటీ పెట్టాడు. ఒంటరిగా కూర్చుని నేర్చుకున్నాను. నా తెలుగు అక్షరాలు అలా వచ్చినవే. మీరు చదువుతున్న ఇది కూడా ఆ అక్షరాలతో రాసిందే. ఎవరైనా నా రాత బాగుందంటే నాకు ఇప్పటికీ చేయి మండుతుంది.

తాత పోయాక ఏడాదికి గానీ నేను చోళపురం వెళ్ళలేదు. ఆ తర్వాత కొన్ని నెలలకే ఆమె కూడా పోయింది. ఇది రాయాలనుకున్నప్పుడు కొడుకు దగ్గరకు పోయి, ఆమె పేరు అచ్చులో వేయవచ్చా అని అడిగాను. అతను మిల్లు గేటు దగ్గర నిలబడి, నా ముఖం చూడకుండా, "వద్దు. అప్పుడు చెప్పని పేరు ఇప్పుడు మీ పుస్తకానికి ఎందుకు?" అన్నాడు. అందుకే ఇందులో ఆమె పేరు లేదు. ఆమె పేరు లేని చోట మా వాళ్ళ పేర్లు మాత్రం ఎందుకని ఎవరి పేరూ రాయలేదు.

నేను చోళపురం వెళ్ళిన రోజు ఆమె అరుగు మీద కూర్చుని దీపానికి వత్తులు చేస్తోంది. నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. తర్వాత, "తాయీ, ఎంత ఎదిగినావు! దా, దా, కూర్చో" అని కొంగుతో అరుగు తుడిచింది. నీళ్ళిచ్చింది. అమ్మ ఎట్లుంది, అత్త ఎట్లుంది అని అడిగింది. తాత పోయిన సంగతి ఆమెకు తెలుసు.

నేను దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ మరిచిపోయి ఒక్కటే అన్నాను. "నేను ఆ రోజు అబద్ధం చెప్పినానక్కా."

"నాకు తెలీదా?" అని నవ్వింది. "మీ అవ్వ పాడడం నేనెప్పుడూ వినలే. కసురుకోడం విన్నాను."

"ఇప్పుడు తాత లేడు. చావట్లో చెప్తాను. అందరికీ చెప్తాను."

"ఎవరికి చెప్తావు? ఆ రోజు వినాల్సినవాడు ఒకడే వచ్చినాడు. వాడు అప్పుడే పోయినాడు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. "ఇంటికి వచ్చినాక ఏమన్నాడో తెలుసా? నీ పాటలంట, పెద్దింటోళ్ళ పాటలంట, దొంగతనంగా నేర్చుకున్నావా అన్నాడు. నేనేమీ చెప్పలే. ఏం చెప్పినా నువ్వు మైకులో చెప్పినదాని కంటే ఎక్కువ నమ్ముతాడా?"

ఆమె వత్తుల పళ్ళెం పక్కన పెట్టి, నా ఒళ్ళోని సంచీ వైపు చూసింది. నోటుబుక్కు తెచ్చానని తెలిసినట్టుంది. తెచ్చాను. తీయడానికి ధైర్యం రాలేదు. ఊరి మొదట్లో బస్సు హారన్ మోగింది. తిరిగి పోవడానికి అదొక్కటే బస్సు.

నేను లేచాను. ఏదో ఒకటి అనాలని, "నేను మిమ్మల్ని మరిచిపోలేదక్కా, రోజూ అన్నీ డైరీలో రాసుకుంటాను" అన్నాను. అది అన్న వెంటనే ఆ రోజు పేజీ కళ్ళ ముందుకు వచ్చింది.

ఆమె అరుగు దిగి నాతో రెండడుగులు నడిచి, నా భుజం మీద చేయి వేసింది.

"నీ నోట్టులోనన్నా రాసుకున్నావా తాయీ, నా పేరు?"